చివరంటే ఏ చివర?

థీసిస్‌లో బొమ్మ లింకు దారి తప్పిందా? లింకులు పెట్టే హైపర్‌రెఫ్‌ను ప్యాకేజీలన్నిటికీ చివర పెట్టు, పో. ఎచ్చెర్ల నుంచి రాజాం దాకా లేటెక్‌లో థీసిస్ రాసేవాళ్ళందరికీ ఇప్పుడిదే మహామంత్రం. ఉద్దానం కిడ్నీ జబ్బుల మ్యాపు చూద్దామని నొక్కితే తెర మీదికి మ్యాపు రాదు, దాని కింది కాప్షన్ వస్తుంది. లింకు గురి కాప్షన్ దగ్గరుంది, కాప్షన్ బొమ్మ కిందుంది మరి. లేబుల్‌ను కాప్షన్‌కు ముందు రాస్తే బొమ్మ సంఖ్య బదులు సెక్షన్ సంఖ్య పడుతుంది. సబ్‌ఫిగ్, సబ్‌కాప్షన్ ఒకే ఫైల్లో కాపురం చెయ్యవు. రోగం ఏదైనా మందు మాత్రం ఒకటే: చివర పెట్టు.

సరే, పెడదాం. కానీ క్లెవర్‌రెఫ్ ప్యాకేజీ హైపర్‌రెఫ్ తర్వాతే రావాలట. గ్లాసరీస్ కూడా అంతే. ఆల్గరిదమ్ ప్యాకేజీ కూడా తర్వాతే. అది దేనిమీద ఆధారపడి నడుస్తుందో ఆ ఫ్లోట్ మాత్రం ముందుండాలి. అంటే చివర పెట్టాల్సినదాని తర్వాత మరో మూడు ఉంటాయి, వాటిలో ఒకదాని ఆధారం ముందుంటుంది, ఇదంతా కలిపి పేరు 'చివర'! ముహూర్తాలు పెట్టే సిద్ధాంతి కూడా ఇంత ధీమాగా ఇన్ని మినహాయింపులు చెప్పడు.

ప్యాకేజీలు ఉచితంగా ఇచ్చినవాళ్ళను తిట్టడం ఇదేటి న్యాయం అంటారు. తిడుతున్నది వాళ్ళను కాదు. 1990లలో సెబాస్టియన్ రాట్జ్ హైపర్‌రెఫ్ రాసేనాటికి లేటెక్‌కు మూలమైన కెర్నెల్‌లో లింకులకు చోటే లేదు. అందుకే ఆయన ఇతరుల ఆదేశాలను తిరగరాయక తప్పలేదు. ఆక్సెల్ సోమర్‌ఫెల్ట్ కాప్షన్ ప్యాకేజీ కూడా అదే కాప్షన్ ఆదేశాన్ని తిరగరాస్తుంది, కానీ హైపర్‌రెఫ్ ఉందని తెలిసి సర్దుకుంటుంది, గురిని బొమ్మ పైకి కూడా తెస్తుంది. ముచ్చటపడి మూడోసారి తిరగరాసేది పిల్లలకు పంచే థీసిస్ టెంప్లేటు. దాని సంగతి ఎవరికీ తెలియదు. తెలియని డాక్యుమెంట్ క్లాస్ అని కాప్షన్ ప్యాకేజీ హెచ్చరిస్తూనే ఉంటుంది, చదివేవాడుండడు. 1892లో 'కన్యాశుల్కం' ఆడిన విజయనగరంలో ఆ నాటకంలోని గిరీశం ఇవాళ ఉండుంటే చుట్ట మానేసి నలభై ప్యాకేజీల టెంప్లేటు అమ్ముకునేవాడు.

ఒళ్ళు మండేది ఇక్కడే. తప్పు టెంప్లేటుది, నింద పిల్లలది. నీకు క్రమం తెలియదంటారు. వర్డ్‌లో ఇంతకన్నా ఘోరమనీ అంటారు. పక్కింటివాడి అప్పు చూపిస్తే మన అప్పు తీరదు. లేటెక్ బృందమే 2020 అక్టోబరులో కెర్నెల్‌కు కోడ్ తగిలించుకునే హుక్కులు చేర్చింది, ఆ తర్వాత లింకు గురి పెట్టే పనిని కూడా కెర్నెల్‌లోకి తెస్తోంది. ప్యాకేజీల క్రమం చూసుకోవడం థీసిస్ రాసేవాడి పని కాదని ఇంతకన్నా ఎలా చెప్పాలి? టెంప్లేటు పంచే పెద్దలు ఒక్కో ప్యాకేజీ ఎందుకుందో పక్కన ఒక వాక్యం రాయాలి. రాయలేకపోతే దాన్ని తీసెయ్యాలి. ఆ పాటి పని చెయ్యనివాళ్ళకు ఏది చివర పెట్టాలో పిల్లలకు చెప్పే అర్హత లేదు.