పాత బంగారం షరతు: సటీకా తాత్పర్యం

మూలం: “పాత నగలకు నికర బరువుపై ఆనాటి ధర ప్రకారం విలువ కట్టబడును. తరుగు, మజూరీ, రాళ్లు, పన్ను మినహాయించబడును. నగదు ఇవ్వబడదు.”

అవతారిక: నగల దుకాణపు రసీదు వెనకవైపున చీమ తలకాయంత అక్షరాలతో అచ్చయిన గద్యమిది. కర్త అజ్ఞాతుడు. కొన్ననాడు ఎవరి కంటా పడదు, అమ్మబోయిననాడు మాత్రం గుమాస్తా వేలు పెట్టి మరీ చదివి వినిపిస్తాడు. కొలచాల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు, నాకీ రసీదు దొరికింది. కాబట్టి ఒట్టులో మొదటి సగమే నాకు వర్తిస్తుంది.

ప్రతిపదార్థం: పాత, నగలు, ధర – ఇవి సుగమాలు. బంగారానికి అమరకోశంలో అమరసింహుడు పందొమ్మిది పేర్లు చెప్పాడు. కావలసినవారు అక్కడ చూసుకోగలరు. ‘కట్టబడును’, ‘మినహాయించబడును’, ‘ఇవ్వబడదు’ – మూడు క్రియలకూ కర్త లేడు. అన్వయం కుదరదు. మేనేజరును అడిగితే హెడ్డాఫీసు అంటాడు.

నికర బరువు: మొత్తం బరువులోంచి రాళ్లు, పూసలు, దారం, బోలు నక్షీలో నింపిన లక్క తీసేయగా మిగిలినది. ఇందులో తగువు లేదు. లక్కను బంగారం ధరకు ఎవరు కొంటారు? అయితే హాల్‌మార్కు తప్పనిసరి కాని రోజుల్లో రాళ్లతో కలిపి తూచి, మొత్తానికీ బంగారం ధరే కట్టి అమ్మిన నగలు మన బీరువాల్లో ఇంకా ఉన్నాయి. అమ్మేటప్పుడు బంగారమైన కెంపు కొనేటప్పుడు మళ్లీ గాజుముక్క అవుతుంది.

తరుగు: ఇక్కడ కాస్త ఆగాలి. చేతిపనివాడు తరుగు పేరుతో ఎంత మినహాయించుకోవచ్చో యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం లోహాల వారీగా చెప్పింది. నిప్పులో పెడితే వెండికి నూటికి రెండు పలాలు, తగరానికీ సీసానికీ ఎనిమిది, రాగికి అయిదు, ఇనుముకు పది. బంగారానికి? ఏమీ లేదు. అగ్నిలో బంగారం తరగదని ఖాయంగా చెప్పేశాడు ముని. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు, మితాక్షరను కేతన పదమూడో శతాబ్దంలోనే తెనిగించాడు. అంటే ధర్మశాస్త్రం మనకు తెలుగులో దొరకక వచ్చిన చిక్కు కాదిది.

కౌటిల్యుడు ముని కాడు గనక మనుషుల మీద అంత నమ్మకం పెట్టుకోలేదు. అర్థశాస్త్రం రెండో అధికరణంలో బంగారు పనికి అక్షశాల అని వేరే శాల కట్టించి, పనివాళ్లు లోపలికి పోయేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ బట్టలూ చేతులూ వెతికించాడు. (ఇప్పుడు దుకాణం గుమ్మంలో వెతికేది కొనేవాళ్ల సంచిని.) దొంగ త్రాసులు ఎనిమిది రకాలన్నాడు. అందులో ఒకటి అయస్కాంతం పెట్టినది. కనిపెట్టి చూడవలసిన వాటిలో ఈగను కూడా చేర్చాడు. ఈగను తోలే మిష మీద చెయ్యి ఎటు పోతుందో ఆయనకు తెలుసు. కాటా మీద అంకె నిలబడే క్షణానికే మన చేతిలోకి చల్లని బాదంపాలు ఎందుకొస్తాయో ఈ ఈగ చదివాక బోధపడింది. ఇక పాత వస్తువులు బాగుచేసే నెపంతో దొంగిలించడానికి మరో నాలుగు ఉపాయాలు లెక్కపెట్టాడు: పరికుట్టనం, అవచ్ఛేదనం, ఉల్లేఖనం, పరిమర్దనం. కొట్టి, కోసి, గీకి, రుద్ది. నాలుగింటికీ ఒళ్లు వంచాలి, పనిముట్టు కావాలి. అయిదోదైన మినహాయింపుకు క్యాలిక్యులేటర్ చాలు. అది ఆయనకు తట్టలేదు.

మన ఊరి కంసాలి కళ్లెదుటే మూసలో వేసి, వెలిగారం చల్లి, ఊదుగొట్టంతో ఊది కరిగించేవాడు. కుంకుమ, సబ్బు, చెమట మురికి పోయి మిగిలిన ముద్దను మన చేతిలోనే పెట్టేవాడు. అయినా సామెతలన్నీ ఆయన మీదే పుట్టాయి. షోరూము మీద ఒక్కటీ పుట్టలేదు.

ఉదాహరణం: లెక్క సులువు కోసం గ్రాము 10,000 రూపాయలనుకుందాం. హారం 40 గ్రాములు, రాళ్లూ లక్కా నాలుగు పోను నికరం 36. “యాంటిక్ పని కదమ్మా, తరుగు 18 శాతమే” అంటాడు గుమాస్తా, ఆ ‘మే’ను తేనెలో ముంచి. అంటే 6.48 గ్రాములు. లేని ఆ బంగారంతో కలిపి 4,24,800. రాళ్లకు 15,200. మొత్తం మీద జీఎస్టీ 3 శాతం, 13,200. కట్టేది 4,53,200. అదే సాయంత్రం ఆ హారాన్నే అదే బల్ల మీద పెట్టి అమ్ముతానంటే 36 గ్రాములకు 3,60,000. అందులో ‘కరుగులో పోయేది’ అని ఇంకో రెండు శాతం తీస్తే చేతికొచ్చేది 3,52,800. తేడా 1,00,400. ధర పడిపోలేదు, మెడలో వేసుకోనైనా లేదు. నిప్పులో తరగనిది గల్లాబల్ల దాటగానే తరిగింది.

శంక: పని చేసినవాడికి కూలి వద్దా? కావాలి. దానికి మజూరీ అనే మాట మూలంలోనే ఉంది. కూలి కూలిగా రాస్తే ఎవరూ కాదనరు. దాన్ని లేని బంగారం బరువుగా రాయడమెందుకు? ధర పెరిగిన ప్రతిసారీ కూలీ దానంతటదే పెరగడానికే కదా!

మరో శంక: ముద్ర ఉందిగా? ఉంది. 916 అంటే వెయ్యిలో 916 పాళ్లు, 22 కారట్లు. 2021 జూన్ 16 నుంచి విడతలుగా హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ) లేనిదే అమ్మకూడదు. తాను ముద్రతో అమ్మిన నగనే తిరిగి తెస్తే, షాపువాడు ముందు గీటురాయి మీద గీసి, తర్వాత మెషీన్లో పెట్టి, అప్పటికీ పెదవి విరుస్తాడు. ముద్ర మన నమ్మకానికే గానీ అతని నమ్మకానికి కాదని భావం.

చిలకలపూడి గిల్టు నగ ఇంతకన్నా నిజాయితీపరురాలు. తిరిగి అమ్మితే ఏమీ రాదని కొన్ననాడే తెలుసు.

నగదు ఇవ్వబడదు: మూలంలో ‘నగదు’ అనే ఉంది గనక చెక్కో బ్యాంకు బదిలీయో ఇవ్వవచ్చునని వ్యాకరణం ఒప్పుకుంటుంది. కౌంటరు ఒప్పుకోదు. సంప్రదాయార్థం: ఇంకో నగ తీసుకోండి. దానికి మళ్లీ 18 శాతమే. “ఆపదకు అక్కరకొస్తుందమ్మా” అనే మాట మీదే కదా ఈ దేశంలో ప్రతి హారమూ అమ్ముడుపోయేది! ఇంట్లోవాళ్లను ఆస్పత్రిలో చేర్చి, హారం పట్టుకుని పరిగెత్తుకొచ్చిన మనిషికి జుంకాల ట్రే చూపిస్తే ఆవిడ ఏం చేసుకోవాలి?

విశేషం: విదేశీ డబ్బు మార్చేవాళ్లు కూడా బోర్డు మీద అమ్మే ధర పక్కన కొనే ధర రాస్తారు. నగల దుకాణంలో ఎర్ర అంకెలతో వెలిగేది ఒకటే ధర. రెండోది కూడా దాని పక్కనే, అంతే అంకెలతో వెలిగించేదాకా ఈ గద్యాన్ని రసీదు ముందువైపు, లక్ష్మీదేవి బొమ్మ కిందే అచ్చువేయించాలని వ్యాఖ్యాత మనవి. అక్షరాలు పెద్దవి కావాలి. కొనేవాళ్లలో కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చేవాళ్లు చాలామంది.