కారింది కొంచెమేనట, ధన్యవాదాలు

శ్రీయుత చీఫ్ ఇంజినీరు గారికి,
థర్మల్ విద్యుత్ కేంద్రం, ఉప్పుటేటి ఆవలి గట్టు.

విషయం: స్వల్ప పరిమాణంలో నూనె కారిన సందర్భంగా అభినందనలు తెలుపుట గురించి.
సూచిక: తమరి పత్రికా ప్రకటన (మూడు వాక్యాలు).

అయ్యా,

కారిన నూనె బహు స్వల్పమనీ, పరిస్థితి అదుపులోనే ఉందనీ, ప్రజలు ఆందోళన చెందనక్కర్లేదనీ మూడు ముక్కల్లో తేల్చేసిన తమరి ప్రకటన మా ఊళ్లో అందరం చదువుకున్నాం. ఇంత పొదుపుగా రాసే అధికారి మా జిల్లాలో మరొకరు లేరు. మత్స్యకారుల సహకార సంఘంలో పద్దులు రాసేవాణ్ణి గనక పొదుపైన లెక్క ఎవరు రాసినా నాకు ముచ్చటేస్తుంది. పద్దులు రాసేవాడికి ఇంకో జబ్బు కూడా ఉంటుంది. ఎదుటివాడి లెక్క ఎక్కణ్ణుంచి మొదలైందో చూడనిదే నిద్రపట్టదు.

తమరి లెక్క ట్యాంకు దగ్గర మొదలైంది. పైకెక్కి డిప్ టేపు దించుతారు, నిన్నటి మట్టంలోంచి ఇవాళ్టి మట్టం తీసేస్తారు, మిగిలినంతా కారినట్టు. 12 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 1,100 లీటర్ల పైచిలుకు పోయినట్టని తమరికి నేను చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి వానలో టేపు పట్టుకున్న కుర్రాడు ఆ ఒక్క సెంటీమీటరు అటో ఇటో చదివితే రిజిస్టరులో అది కొలత తేడా కింద పోతుంది. మా లెక్క నీళ్ల మీద మొదలవుతుంది. నీళ్ల మీద ఏడు రంగుల్లో మెరిసే నూనె పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు దరిదాపుల్లో ఉంటుంది. ఆ మందాన పరిస్తే 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటి 50 ఎకరాల దాకా కప్పేస్తుంది. మావాళ్లు వలలు కట్టే మేర అంతా కలిపినా అంతకన్నా పెద్దది కాదు. తమరు కొలత తేడా కింద కొట్టేయగలిగిన సరుకుతో మా ఏటికి అయిదుసార్లు రంగు వేయొచ్చన్నమాట.

అదీ పలచటి నూనె అయితే. బాయిలరు లైటప్ చేసేటప్పుడు వాడే లైట్ డీజిల్ ఆయిల్, అంటే ఎల్‌డీవో అయితే రంగులు చూపించి, మన ఎండలకు కొంతైనా ఆవిరైపోయేది. మాకు ప్రాప్తించింది హెవీ ఫ్యూయెల్ ఆయిల్, అంటే హెచ్‌ఎఫ్‌వో. లోడు తగ్గి బొగ్గు మంట నిలకడగా లేనప్పుడు ఆయిల్ గన్నులతో కాల్చే నల్లటి సరుకు. మామూలుగా అది చోటు కదలదు. ఆవిరి గొట్టాలు చుట్టి వేడి చేస్తే గానీ పంపుకు అందదు. ట్యాంకులో ఉన్నన్నాళ్లూ తమరు దాన్ని పురిటి బిడ్డలా వెచ్చగా కాపాడతారు. ఏట్లో పడి చన్నీళ్లు తగిలాక మాత్రం ముద్దకట్టి, దొరికినదాన్నల్లా పట్టుకుని వదలదు. గాలి పీల్చుకోవడానికి బురదలోంచి పైకి పొడుచుకొచ్చే మడచెట్ల వేళ్లు దానికి మరీ ఇష్టం. ఆటు దిగాక బురద మీద చూస్తే ఒక మండపీత బొరియ చుట్టూ గోళీలంత నల్ల ఉండలు కనిపించాయి. లోపలికి వచ్చిన సరుకును పీత డెక్కలతో తోసి బయట పడేస్తోంది, పోటు వచ్చి మళ్లీ లోపల పెడుతోంది. ఈ మొత్తం వ్యవహారంలో ఉన్నదున్నట్టు బయట పెట్టింది ఆ పీత ఒక్కటే.

నూనె ఎలా బయటికొచ్చిందో తమరి ప్రకటనలో లేదు. మా ఊరి కుర్రాళ్లు సగంమంది తమరి దగ్గరే కాంట్రాక్టు పనికి వస్తారు గనక మాకు ఆ సంగతి తెలియడానికి దర్యాప్తు అక్కర్లేకపోయింది. ట్యాంకు చుట్టూ డైక్ గోడ ఉంటుంది. ట్యాంకు పగిలినా సరుకంతా ఆ గోడ లోపలే ఆగాలని దాని ఉద్దేశం. వాననీళ్లు పోవడానికి గోడ కింద ఒక గొట్టం, దానికో వాల్వు. ఆ వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. నిలిచిన నీళ్ల మీద నూనె తెట్టు లేదని కళ్లతో చూసుకుని తెరవాలి, నీళ్లు పోగానే మూసెయ్యాలి. ఆ రాత్రి వాన తెరిపి ఇవ్వలేదు. నీళ్లు పంప్ హౌస్ గుమ్మం దాకా వచ్చేసరికి ఎవరో వాల్వు తెరిచారు. షిఫ్టు మారింది. తర్వాతి షిఫ్టులో ఒక ఫ్లాంజి దగ్గర గాస్కెట్టు పోయింది. ఇక ఆ గోడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. చేతిచక్రం నాలుగు చుట్లు తిప్పితే తీరిపోయేదానికి ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారని విన్నాం. సంతోషం. కమిటీకి టీలు మా ఊరి హోటలు నుంచే వెళుతున్నాయి.

ఇక సహాయక చర్యల గురించి చెప్పకపోతే కృతఘ్నులమవుతాం. బాగా పొద్దెక్కాక తమరి మనుషులు నీటి మీద తేలే నారింజరంగు అడ్డుకట్ట, బూమ్ ఒకటి తెచ్చి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తిన్నగా అడ్డం కట్టి ఫొటో తీయించుకున్నారు. ఫొటో చక్కగా వచ్చింది. అప్పటికి ఆటు ఊపందుకుంది. నీటి వడి నిమిషానికి 20 మీటర్లు దాటితే, అడ్డంగా కట్టిన బూమ్ కింది నుంచి నూనె జారిపోతుంది. ఏటవాలుగా కట్టి, వడి తక్కువున్న గట్టు వైపు నూనెను తోలి అక్కడ తోడుకోవాలి. గట్టున కూర్చున్న మా ఊరి పెద్దాయన ఒకాయన "బాబూ, అట్టా కాదు, వాలుగా కట్టండి, ఆ మలుపు కాడికి తోలండి" అని చెప్పబోయాడు. సాంకేతిక విషయాల్లో జోక్యం చేసుకోవద్దని సెక్యూరిటీ అతను ఆయన్ని మర్యాదగానే పక్కకు జరిపాడు. ఆ పెద్దాయనకు చదువు లేదు. ఏరు మోసుకొచ్చేదాన్ని ఎక్కడ అడ్డుకోవాలన్న ఒక్క విద్యతో కట్టువలల మీద డెబ్బై ఏళ్లు నెట్టుకొచ్చాడు.

మధ్యాహ్నానికి సబ్బుపొడి వచ్చింది. చల్లగానే నూనె కనిపించకుండా పోయింది, టీవీవాళ్లు కూడా వెళ్లిపోయారు. నూనె మాత్రం ఎక్కడికీ పోలేదు, పైనుంచి లోపలికి దిగింది. పైన తేలినంతసేపూ కొంగ కాళ్లకు అంటేది, కలిశాక రొయ్యపిల్లల మొప్పల్లోకి పోతుంది. నడుం లోతు లేని ఏటిలో ఆ పని చేయకూడదని తమరి సంస్థలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. ఆయన ఆరోజు సెలవులో ఉన్నారనుకుంటాం.

సబ్బుపొడి అయిపోయాక మిగిలింది మా కుర్రాళ్లూ, బకెట్లూ. ఇందులో మాత్రం తమరిని తప్పుపట్టలేం, ఇది జాతీయ సంప్రదాయం. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు, పర్యావరణానికేమీ కాలేదని మొదట చెప్పిన ఆ నూనె చివరికి 200 టన్నులకు దగ్గరగా లెక్క తేలింది. దాన్ని మద్రాసు తీరాన జాలర్లూ విద్యార్థులూ బకెట్లతో తోడారు. 2023 డిసెంబరులో, మన బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను వరదలో మణలి రిఫైనరీ వైపు నుంచి బకింగ్‌హామ్ కాలువ మీదుగా నూనె ఎన్నూరు క్రీకులోకి దిగింది. పెదగంజాం దాకా వచ్చే మన కాలువే అది. గూడబాతుల రెక్కలు నల్లబడ్డాయి, ఇళ్ల గోడలకు వరద నిలిచిన ఎత్తున నల్ల చార మిగిలింది. తోడింది మళ్లీ జాలర్లే, పడవల్లో కూర్చుని, మగ్గులతో. ఆ ఏడాదే మనం చంద్రుడి మీద దిగాం.

కొంచెమేనని చెప్పడంలోనూ తమరు ఒంటరివారు కారు. 2021 ఆగస్టులో సిరియాలోని బనియాస్ విద్యుత్ కేంద్రంలో ట్యాంకు కారితే, పోయింది రెండు నుంచి నాలుగు టన్నులేనని అక్కడి విద్యుత్ మంత్రి సెలవిచ్చారు. ఉపగ్రహాల ఫొటోల్లో మాత్రం తెట్టు వందల చదరపు కిలోమీటర్లు పరుచుకుని సైప్రస్ వైపు ప్రయాణం కట్టింది. అంతకు ముందు ఏడాది మే 29న రష్యాలోని నొరిల్‌స్క్‌లో థర్మల్ కేంద్రం డీజిల్ ట్యాంకు కూలి 20 వేల టన్నులకు పైగా నూనె పోయింది. అది ఏ లెక్కలోనూ కొంచెం కాదు, అయినా రెండు రోజుల దాకా మాస్కోకు సరైన కబురు లేదు. సోషల్ మీడియాలో చూసి తెలుసుకోవాలా అని పుతిన్ అందరి ముందూ కోప్పడ్డారు. మాకు మాత్రం తెల్లారేలోపే తెలిసింది, వాసన వల్ల. ఆ విధంగా మేం పుతిన్ కన్నా అదృష్టవంతులం.

అసలు ఎంతైతే చిన్నది? ఓడల నుంచి కారే నూనె లెక్కలు కట్టే ఐటీఓపీఎఫ్ అనే సంస్థ 7 టన్నులు దాటగానే దాన్ని చిన్నదనడం మానేస్తుంది. కోస్ట్ గార్డు చేతిలో ఉండే మన జాతీయ ప్రణాళికలో 700 టన్నుల దాకా మొదటి అంచెయే. నూనెతో పనిచేసేవాళ్లే తమ దగ్గరున్న సామగ్రితో చక్కబెట్టుకోవాల్సిన అంచె అది. ఎన్నూరులో ఓడల నూనె కూడా ఆ అంచెలోనే ఇమిడిపోయేది. తమరిది దాని ముందు తలెత్తి నిలబడలేదు, ఒప్పుకుంటాం.

అయితే అయ్యా, ఎంత కారిందన్నది మాకు అంత ముఖ్యం కాదు. ఎప్పుడు చెప్పారన్నది ముఖ్యం. తమరు కొలవడం మొదలుపెట్టింది రాత్రి. కొలిచి, మళ్లీ కొలిచి, హెడ్డాఫీసుకు చెప్పి, వాళ్లు సరేనన్నాక ప్రకటన రాసేసరికి మర్నాడు సాయంత్రం. ఈలోపు ఒక పోటు వచ్చింది, ఒక ఆటు పోయింది, మళ్లీ పోటు వచ్చింది. ఎగువన రొయ్యల చెరువులవాళ్లు పోటు మీదే మోటార్లు వేసి నీళ్లు ఎక్కించుకుంటారు. నూనె వస్తోందని రాత్రే ఒక్క ఫోను వచ్చి ఉంటే మోటార్లు ఆపి తూములు మూసుకునేవాళ్లు. మావాళ్లు గంటలో కట్టువలలు ఎత్తేసేవాళ్లు. పెద్దాయన చేత బూమ్ చీకట్లోనే కట్టించేవాళ్లం, ఫొటో సరిగా పడకపోయినా. ఇందులో దేనికీ లీటర్ల లెక్క అక్కర్లేదు. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 31వ సెక్షను కూడా ప్రమాదవశాత్తూ ఏదైనా కాలవలో కలిసినా, కలిసేలా ఉన్నా వెంటనే కాలుష్య నియంత్రణ మండలికి చెప్పమంటోంది గానీ, తూకం వేసుకుని రమ్మనడం లేదు. ఆ సెక్షనులో మా పేరు లేదని తమరు అనొచ్చు. మా ఫోను నంబరు మాత్రం తమరి గేటు దగ్గర గోడ మీదే ఉంది. కూలీలు కావాల్సినప్పుడు తమరివాళ్లు రాసుకున్నదే.

నూనె పోయాక కూడా వాసన ఉంది. మా ఆడవాళ్లు గంపలతో టౌనుకు వెళితే బేరానికి వచ్చినవాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "మీ ఊరివేగా" అని లేచిపోతున్నారు. ఆ గంపలోవి ఏటి చేపలు కావు, సముద్రంలో దూరంగా పట్టినవి. చేపకు పుట్టిన చోటు ఉంటుందిగానీ గుర్తింపు కార్డు ఉండదు కదా, ఏం చూపించి నమ్మించాలి? నైలాను వలకు అంటిన నల్ల జిగట నీళ్లకు పోదు, కిరసనాయిలుతో కడగాలి. రేషన్లో కిరసనాయిలు పోయి ఏళ్లయింది గనక డీజిలు కొని కడుగుతున్నాం. తమరి నూనె వదిలించడానికి మేం బంకులో నూనె కొంటున్నామని సంఘం పద్దులో రాశాను, ఆడిటరు నమ్ముతాడో లేదో.

కాబట్టి మా కోరికలు బహు స్వల్పం, తమరి నూనె మాదిరే. కారిన మొదటి గంటలో ఫోను చేయండి, ఎంతో చెప్పకపోయినా ఫర్వాలేదు. డైక్ వాల్వుకు తాళం వేసి, తాళంచెవి షిఫ్టు ఇన్‌ఛార్జి సంతకానికి అప్పగించండి. ఏడాదికోసారి మాక్ డ్రిల్ చేస్తారట, ఆరోజు భోజనాలకు బదులు పెద్దాయన్ని పిలవండి. ఆయన భోజనం చేసే వస్తాడు. వలలకూ, బేరం పోయిన రోజులకూ ఎంతో కొంత కట్టివ్వండి. 2023 నాటి నూనెకు ఎన్నూరులో తమిళనాడు ప్రభుత్వం బాధిత జాలరి కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున ప్రకటించింది. మేం దానికన్నా తక్కువ తినేవాళ్లమని రుజువు చేయగలిగితే తగ్గించుకోండి.

ఇట్లు,
తమ విధేయుడు,
సంఘం పద్దులు రాసేవాడు.

తా.క.: మా కుర్రాళ్లు తోడిన నూనె బురద డ్రమ్ముల్లో పట్టి తుపాను షెల్టరులో పెట్టాం. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థమట. అనుమతి లేకుండా నిల్వ ఉంచడం చట్టవిరుద్ధమట. కాలుష్య నియంత్రణ మండలి నుంచి వచ్చినాయన డ్రమ్ములు చూసి, ఇవి ఎవరివని అడిగాడు. తమరివన్నాం. తమరివాళ్లను అడిగితే, ప్లాంటు గేటు దాటిన సరుకు తమది కాదన్నారట. ఈ లెక్కన చట్టం ముందు ముద్దాయిలం మేమే అయ్యేలా ఉన్నాం. వచ్చే లక్ష్మివారం షెల్టరులో పెళ్లి ఉంది. దయచేసి అంతకు ముందే లారీ పంపించగలరు. పెళ్లికొడుకు తమరి పంప్ హౌస్‌లోనే రాత్రి షిఫ్టు చేస్తాడు, సెలవు ఇంకా మంజూరు కాలేదు.