పాలపిట్ట వాక్యము: సటీకా తాత్పర్యము

అవతారిక

సకల శాస్త్రములకును వ్యాఖ్యానములు వెలసి, ఆ వ్యాఖ్యానములకు సైతము ఉపవ్యాఖ్యానములు వెలసిన యీ దేశమున, సెలవుదినమున కుటుంబసమేతముగా కారెక్కి ఊరి పొలిమేర దాటిన ప్రతి గృహస్థుని చెవిని బడెడి ఒక చిన్న వాక్యమునకు ఇంతవరకు టీక లేకపోవుట మిక్కిలి చింతింపదగిన విషయము. ఈ వాక్యమునకు కర్త యెవరో తెలియదు; కాలము నిర్ణయింప శక్యము గాదు; తాళపత్ర ప్రతులు లభింపవు. అయినను నల్లగొండ బాటను, కర్నూలు బాటను, గుంటూరు చేల గట్లమీదను ఇంచుమించు ఇవే పదములతో, ఇదే గుసగుస స్వరముతో ఇది వినవచ్చుచుండుటచే, దీనిని ఆర్షవాక్యముగా నెన్నుట యుక్తమని తలచి, మందమతినయ్యును టీకారచనకు పూనుకొనుచున్నాను.

మూలము

అదిగో పాలపిట్ట! కదలకండి, ఎగిరిపోతుంది.

వక్తృశ్రోతృ నిర్ణయము

వక్త: కారు ముందరి ఆసనమున, కిటికీ ప్రక్కన కూర్చున్న గృహిణి. శ్రోతలు: బండి నడుపుచున్న భర్తయు, వెనుక కూర్చున్న అత్తగారును, ఇరువురు బిడ్డలును. ఇచ్చట ‘కదలకండి’ యను క్రియ భర్త యొక్కని గూర్చిన గౌరవవాచకమా, ఎల్లవారిని గూర్చిన బహువచనమా యని శంక గలుగును. అత్తగారు మోకాళ్ల నొప్పులచే ఎటులను కదలరు గనుకను, బిడ్డలు చెప్పినను వినరు గనుకను, ఇది భర్తను మాత్రమే ఉద్దేశించినదని ప్రాచీనులు. అత్తగారిని విడిచి ఆజ్ఞాపించుట గృహనీతికి విరుద్ధము గావున అందరికిని వర్తించునని నవీనులు. ఏ పక్షమైనను కదలువాడు భర్తయే యగుటచే ఫలమునందు భేదము లేదు.

ప్రతిపదార్థము

అదిగో = చూపుడువ్రేలి కొనకు సూటిగా నుండి, చూడవలసినవారి కన్నులకు మాత్రము సూటిగా నుండని ఆ చోట; పాలపిట్ట = పాలపిట్ట యనబడు పక్షి; (ఉన్నది యని అధ్యాహారము); కదలకండి = ఎవరి భంగిమలో వారు, నోటనున్న జంతికను సైతము నమలక, నిలిచియుండుడు; ఎగిరిపోతుంది = (అట్లు నిలువని యెడల) రెక్కలు విప్పి కనుమరుగగును.

‘అదిగో’ శబ్దవ్యాఖ్య

ఈ శబ్దముచే దిక్కు తెలియునే గాని చోటు తెలియదు. నలుగురు శ్రోతలకు ‘అదిగో’ యని చెప్పినచో నలుగురును నాలుగు చెట్ల వంక చూతురు. అత్తగారు పాలపిట్టకు బదులు పాలకేంద్రపు బోర్డును చూచి నమస్కరించుటయు కలదు. కావున పక్షిదర్శనమున ఆరితేరినవారు చూపరుల దృష్టిని మెట్టుమెట్టుగా నడిపింతురు: ‘ఎడమప్రక్క కరెంటు తీగ, రెండవ స్తంభమునకు ఈవల, క్రింది తీగమీద’. ఈ పద్ధతిలో వ్రేలితో పనిలేదు. పనిలేకపోవుటయే గాదు, వ్రేలు కీడు చేయును. చెవిని జేరిన మాటకంటె కిటికీలోనుండి అకస్మాత్తుగా వెడలిన చేయి పక్షిని త్వరగా బెదరించును. అనగా ‘అదిగో’ యని చేయి చాచినవారే, రెండవ భాగమున తాము నివారింపదలచిన ప్రమాదమును మొదటి భాగముననే తెచ్చిపెట్టుచున్నారు. ఈ దోషము వాక్యమునది గాదు, హస్తమునది.

‘పాలపిట్ట’ శబ్దవ్యాఖ్య

కాకికంటె చిన్నది, గోరువంకకంటె పెద్దది. తల పెద్దది, మెడ పొట్టి, ముక్కు దృఢము. 1758లో లిన్నేయస్ మహాశయుడు దీనిని తన జీవవర్గీకరణమునకెక్కించెను. అంతకు ఎన్నియో తరములకు పూర్వమే మన రైతు దీనిని తన కంచెమీద గుర్తించి పేరు పెట్టియుండెను. కర్ణాటకము, ఒడిశా, తెలంగాణములు దీనిని తమ రాష్ట్రపక్షిగా వరించినవి. తెలంగాణము ఏర్పడిన 2014వ సంవత్సరముననే ఈ గౌరవము నొసంగెను. ఆంధ్రప్రదేశమునకు మాత్రము 2018లో రామచిలుక రాష్ట్రపక్షి యయ్యెను. అందువలన పాలపిట్టకు కలిగిన లోటు లేదు. కరెంటు తీగలు ఇరు రాష్ట్రములందును ఒకే తీరున వ్రేలాడుచున్నవి.

ఇక ముఖ్యాంశము. కూర్చున్న పాలపిట్టను మొదటిసారి చూచినవారు తప్పక నిరాశ పడుదురు. వీపు మట్టిరంగు, రొమ్ము చారలుతీరిన లేత గోధుమరంగు, దూరమునుండి చూడ, తీగమీద ఎవరో మరచిపోయిన మట్టిగడ్డ. ‘దీనికా ఇంత ఆర్భాటము?’ అని వెనుక సీటునుండి ప్రశ్న రానే వచ్చును. కాని అదే పక్షి రెక్క విప్పినంతనే ముదురునీలమును లేతనీలమును పట్టెలు పట్టెలుగా మెరసి, అంతవరకు గోధుమరంగున దాగియున్న వైభవమంతయు ఒక్క క్షణమున బయల్పడును. ఈ నీలము ఈకకు పూసిన రంగు గాదు. ఈకలో నీలివర్ణద్రవ్యమనునది లేనే లేదు. ఈక పోగులలోని అతిసూక్ష్మ నిర్మాణము వెలుగును చెదరగొట్టి నీలిభాగమును మన కంటికి పంపుటచే అట్లు తోచుచున్నది. ఈ మర్మమును శోధించినవారిలో సర్ సి.వి. రామన్ ఒకరు, ఆయన 1934లో పక్షుల ఈకల రంగులను గూర్చి వ్రాయుచు మన పాలపిట్ట ఈకలనే పరీక్షించిరి. సముద్రపు నీలిమకు కారణము వెదకిన మహనీయుడు తీగమీది పిట్టను కూడ విడువలేదు.

‘కదలకండి’ పదవ్యాఖ్య

ఈ నిషేధమునకు హేతువేమి? పక్షి కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే, మనకు వీపు ద్రిప్పి కూర్చున్నట్లు తోచినప్పుడును అది మనల చూచుచునే యుండవచ్చును. మనుష్యుని కంటిలో రంగు నెరిగెడి గ్రాహకములు మూడు జాతులు. పక్షి కంటిలో నాలుగు, అందొకటి మనకగపడని అతినీలలోహిత కాంతికి సంబంధించినది. ఇట్టి కంటికి నిశ్చలముగా నున్న వస్తువు స్థలములో ఒక భాగము. కదలిన వస్తువు ప్రమాదము. కనుకనే కదలక నిలిచిన బండిని ఓర్చుకొనెడి పాలపిట్ట, ఆ బండి తలుపు తెరచుకొని నేలపై కాలుమోపిన మనుజుని ఓర్చుకొనదు. కాబట్టి కారే మంచి మరుగు. ఇంజను ఆపుట, తలుపు తెరవకుండుట, అద్దము మెల్లగా దించుట, ఈ మూడును ‘కదలకండి’ యను నాజ్ఞలో అంతర్భూతములని గ్రహించునది. దుర్భిణి యున్నచో కంటికెత్తుటకూడ నెమ్మదిగనే.

‘ఎగిరిపోతుంది’ పదవ్యాఖ్య: విరోధపరిహారము

ఇచ్చట తార్కికుడైన భర్త యొక పూర్వపక్షము చేయును. ‘కూర్చున్న పాలపిట్ట మట్టిగడ్డ యనియు, ఎగిరిన పాలపిట్టయే దర్శనీయమనియు నీవే అంటివి. అట్లయిన, ఎగిరిపోవునని భయపడుట యెందులకు? ఒక్కసారి హారన్ మ్రోగించినచో నీ కోరిక తీరును గదా!’ అని, చేయి హారన్ మీద వైచును. ఈ వాదము పైకి బలముగా తోచును. మూలమున నిజముగనే విరోధాభాసము కలదు: చూడదగిన క్షణమునే నివారింపుమని వాక్యము చెప్పుచున్నట్లున్నది.

సిద్ధాంతి యిట్లు సమాధానమిచ్చును. పాలపిట్ట ఎగురుట మూడు విధములు: భీతిజము, కార్యజము, ఉత్సవజము.

భయమువలన ఎగిరినది మన వైపునకు వీపు పెట్టి, తుమ్మచెట్ల వెనుకకు, సూటిగా పోవును. దాని నీలము అర్ధక్షణము మెరయును. ఆ అర్ధక్షణము భర్తకు హారన్ మీదను, బిడ్డలకు జంతికల పొట్లము మీదను గడచిపోవును. అది మరల రాదు.

కార్యజము అట్టిది గాదు. పాలపిట్ట తీగమీదనో, కంచెరాతిమీదనో, ఎండిన కొమ్మమీదనో కూర్చుండి నేలను పరికించుటే దాని వృత్తి. మిడుత కదలినను, పేడపురుగు దొర్లినను, తేలు రాతిక్రిందినుండి వెడలినను, రెక్కలు విప్పి నేలకు దిగి, దానిని ముక్కున గరచుకొని, తరచుగా తాను విడిచిన చోటికో, ప్రక్క స్తంభమునకో మరల వచ్చి, కొట్టి మ్రింగును. దున్నుచున్న చేల చెంత ఇది తిరుగుటకు కారణమిదియే. నాగలికో ట్రాక్టరుకో లేచిన పురుగు దానికి ఆహారము. అనగా కదలక వేచియున్నవానికి పాలపిట్ట తనంతట తానే ఎగిరి, నీలమును చూపి, తిరిగివచ్చి, మరల చూపును.

ఉత్సవజమనగా, వేసవిలో గూడుకట్టు ఋతువున మగపిట్ట పైకెగసి, కర్కశముగా కూయుచు, అటునిటు పొరలుచు క్రిందికి జారుట. ఇంగ్లీషువారు దీనిని ‘రోలర్’ అనుట యీ విన్యాసమును చూచియే. ఇది యాచించి పొందదగినది గాదు, పుణ్యవంతులకు లభించును.

కాబట్టి మూలమున నివారింపబడినది ఎగురుట గాదు, ‘పోవుట’. క్రియ రెండు ముక్కలు: ‘ఎగిరి’, ‘పోతుంది’. మొదటి ముక్కను గృహిణి కోరుచున్నది. రెండవ ముక్కకు వెరచుచున్నది. భర్త యిది గ్రహింపక రెండింటిని కలిపి హారన్ మీద చేయి వైచెను. విరోధము పరిహృతము.

పాఠాంతరములు

‘అదిగో పాలపిట్ట! ఫోటో తీయండి’ అనునది అర్వాచీన పాఠము. ఇందు క్రియ కదలుటను విధించుచుండుటచే మూలమునకు విరుద్ధము. ఫలితము కూడ ఆకాశము నడుమ నల్లచుక్క యొకటే గావున అగ్రాహ్యము. ‘అదిగో పాలపిట్ట! ఏదీ? ఏదీ?’ అనునది బాలపాఠము, గట్టిగా చదువబడును. ‘అది కాకి’ యనునది భర్తృపాఠము. దుర్భిణి లేకయే నిశ్చయముతో పలుకబడుట దీని విశిష్టత. ‘ఇంటి యెదుట స్తంభము మీద రోజూ కూర్చుంటుందిగా, దీనికోసం బండి ఆపాలా?’ అనునది అత్తగారి పాఠము. ఇదొక్కటియే విచారింపదగినది, ఏలయన సత్యము. పాలపిట్ట దట్టమైన అడవుల పక్షి గాదు. పొలము, బీడు, ఊరిచివరి ఖాళీస్థలము, రోడ్డుప్రక్క తీగ, ఇవియే దాని నివాసములు. అత్తగారు నలుబదియేండ్లు పెరటినుండి చూచినదానికి మనము పెట్రోలు వ్యయము చేయుచున్నాము.

అయితే ఆ పెరడులే తరుగుచున్నవి. ఈ పక్షి గూడు చెట్టుతొర్రలలోను, మోడువారిన తాడిచెట్ల బోలులోను. మోడును కొట్టి చదునుచేసి ప్లాట్లు వేసినచో తీగ మిగులును గాని తొర్ర మిగులదు; మందు చల్లిన చేనిలో మిడుత మిగులదు. మన దేశపు పక్షుల స్థితిగతులపై 2023లో వెలువడిన నివేదిక, నిన్నమొన్నటివరకు అంతటను కానవచ్చిన పాలపిట్టను తరుగుచున్న పక్షులలో చేర్చి, దాని స్థితిని మరల అంచనా వేయవలసినదని సూచించినది.

తాత్పర్యము

ఓ కుటుంబసభ్యులారా! తీగమీద పాలపిట్ట యున్నది. ఇప్పుడది సామాన్యముగా కానవచ్చుచున్నది గాని, మీరు కొంతతడవు నిశ్చలముగా నుండినచో అది తన పనిమీద తాను ఎగిరి తన నిజరూపమును చూపును. తొందరపడి దానిని ఎగురగొట్టినచో ఎగురుటయు మీకు దక్కదు, పక్షియు దక్కదు అని భావము.

విశేషము

తెలంగాణమున దసరానాడు జమ్మిపూజ చేసికొని, ఊరి వెలుపలికి పోయి పాలపిట్టను చూచుట శుభమని ఆచారము. అజ్ఞాతవాసము ముగిసి మరలుచున్న పాండవులకిది కనిపించెనని జనశ్రుతి. ఆచారము చక్కనిది, ఏడాదికొక్కనాడైనను మనుష్యుని ఊరిచివరకు నడిపించి, తలయెత్తి తీగెలను చూడజేయుచున్నది. కాని ఊరిచివరకు నడువ నొల్లనివారి సౌకర్యార్థము కొందరు ఈ పక్షులను వలవేసి పట్టి, రెక్కలో కాళ్లో కట్టి, పంజరములలో వాకిలి వాకిలికి తెచ్చి, రుసుము గైకొని చూపుచుందురు. పైన చేసిన సిద్ధాంతమును దీనికి అన్వయించి చూడుడు. పంజరములోని పాలపిట్ట ఎగురదు. ఎగురని పాలపిట్టయందు నీలము కనబడదు. నీలము కనబడని దర్శనము మట్టిగడ్డ దర్శనమే. డబ్బిచ్చి చూచినవారు పాలపిట్టను చూడనేలేదని శాస్త్రనిర్ణయము. ఇట్లు పట్టుటయు, బంధించుటయు, ప్రదర్శించుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి నేరమని ప్రభుత్వనిర్ణయము. శాస్త్రమును ప్రభుత్వమును ఏకాభిప్రాయమునకు వచ్చిన సందర్భములు అరుదు గావున, చదువరులు ఈ దసరాకు పంజరమువానికి ఒక్క రూపాయియైనను ఈయక, అటవీశాఖవారికి కబురంపి, అత్తగారిని వెంటబెట్టుకొని ఊరిచివరి తీగలదాక నడచిరావలసినదిగా టీకాకారుని ప్రార్థన.