నాలో లేని కోరపన్ను

నేనొక పై దవడని. ఎముకా చిగురూ ఉన్న దవడని కాదు, డెంటల్ స్టోన్‌తో పోసిన తెల్లటి అచ్చుని. దంత వైద్య కళాశాలలో పళ్ల వరస సరిచేసే విభాగంలో, నన్నూ నా కింది దవడనీ కలిపి రబ్బరుబ్యాండు వేసి అలమరలో పెట్టారు. వెనకవైపు ఒక నంబరు, పక్కన పెన్సిలుతో ‘14, స్త్రీ’. పేరు లేదు.

నన్ను పుట్టించడానికి ఆ పిల్ల పడ్డ పాట్లు చెప్పాలి. ఆల్జినేట్ ముద్ద నింపిన ట్రేని నోట్లో పెట్టగానే వాంతి వచ్చినంత పనైంది. ‘ముక్కుతో గాలి పీల్చమ్మా, తల ముందుకి వంచు’ అని డాక్టరమ్మ అంటూనే ఉంది, పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఉంది. ఆ ముద్ద సముద్రపు నాచు నుంచి తీసిన సరుకు, ఆరితే ముడుచుకుపోతుంది. కొలతలు తప్పకుండా ఉండాలని వెంటనే స్టోన్ కలిపి, వైబ్రేటర్ మీద అదిరిస్తూ అందులో పోశారు. గట్టిపడుతున్నప్పుడు ఒళ్లంతా వేడెక్కింది. ముద్దలో చిక్కిన గాలిబుడగ ఒకటి నా కుడి దవడపన్ను మీద బొడిపెగా తేలితే, కత్తితో గీకేశారు.

ఇంకో బొడిపె ఉంది. దాన్ని మాత్రం ఎవరూ గీకలేదు. ఎడమవైపు అంగిలి మీద, ముందుపళ్లకి కాస్త వెనక, వేలితో తడిమితే తప్ప తెలియని చిన్న ఎత్తు. ఆ పిల్ల నోట్లో దాని కిందే కోరపన్ను ఎముకలో ఇరుక్కుని ఉంది. అది రావలసిన చోట ఇంకా పాలపన్నే కూర్చుని ఉంది. నేను పైపొర నకలుని మాత్రమే కనుక, అసలు దోషి నాలో లేదు.

పై కోరపన్ను ముక్కు పక్కన, ఎముకలో బాగా ఎత్తున తయారవుతుంది. దిగి వచ్చేసరికి పదకొండు, పన్నెండేళ్లు పడుతుంది. పక్కపన్ను వేరుని ఆనుకుని దారి చూసుకుంటుందని ఒక వాదం. ఆ పక్కపన్ను సన్నగా ఉన్నా, అసలు లేకపోయినా దారి తప్పుతుందట. నా ఎడమ పక్కపన్ను సన్నదే. కాదు, ఇదంతా వంశపారంపర్యమని ఇంకో వాదం. ఆ పిల్ల తల్లి రెండోదాన్నే గట్టిగా పట్టుకుంది. ‘మా అత్తగారి వైపు అందరివీ ఇరుకు దవడలేనండీ. చోటు చాలక ఉండిపోయింది’ అంది. అత్తగారు ఆ గదిలో లేరు లెండి.

ఆ ఇరుకు మాట తేల్చడానికే పీజీ చదివే అమ్మాయి థీసిస్ మొదలుపెట్టి నన్ను బయటికి తీసింది. రెండువైపులా మొదటి పెద్ద దవడపళ్ల గుంటల్లో పెన్సిలు చుక్కలు పెట్టి, వెర్నియర్ ఆనించింది. 46.2 మిల్లీమీటర్లు. కొన్నాళ్లకి మళ్లీ కొలిస్తే 46.4. నేనేమీ పెరగలేదు, ఆమె చెయ్యి జరిగింది. ఆ రెండు చుక్కల్నీ కలిపే గీత మధ్యనుంచి అంగిలి కప్పు దాకా ఎత్తు 19. ఎత్తుని వెడల్పులో శాతంగా లెక్కగట్టే పద్ధతి జర్మన్ వైద్యుడు కొర్కౌస్‌ది. 42 సగటు అంటారు, నాకు 41 వచ్చింది. లోతైన అంగిలీ కాదు, ఇరుకు దవడా కాదు.

కోరపళ్ల మధ్య వెడల్పు దగ్గర ఆమె ఆగిపోయింది. దానికి రెండు కొనలు కావాలి, నాకున్నది ఒకటే. పాలపన్ను కొన మీద ఆనించినా ఒక అంకె వస్తుంది, కానీ దాన్ని దేనితో పోల్చాలి? పోనీ అక్కడ నిజంగానే ఇరుకుందనుకోండి. ఇరుకువల్ల పన్ను రాలేదా, పన్ను రాకపోవడంవల్ల ఇరుకైందా అన్నది నన్ను కొలిస్తే తేలదు.

చదివినవాళ్లకీ ఏకాభిప్రాయం లేదు. దవడ ముందుభాగం ఇరుకుగా ఉంటుందని 1996లో మెక్‌కానెల్ బృందం రాసింది. అంగిలివైపు పోయిన కోరపళ్లవాళ్లని మామూలువాళ్లతో పోల్చి, వెడల్పులో తేడా లేదని 2000లో లాంగ్‌బర్గ్, పెక్ రాశారు. వీళ్లకంటే ముందే, 1983లో జాకోబీ చోటు లెక్క చూశాడు. అంగిలివైపు ఇరుక్కున్నవాటిలో 85 శాతానికి చోటుంది. పెదవివైపు నిలిచిపోయినవాటిలో చోటున్నవి 17 శాతమే. నాకు నచ్చిన లెక్క ఇదే. కొందరు అదృష్టమనుకునే ‘పన్ను మీద పన్ను’ తరచుగా చోటు చాలక వచ్చేది. నాది ఆ జాతి కాదు.

థీసిస్ పట్టికని గైడు మేడమ్ ముందు పెట్టగానే ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ‘లోపలికి పోయినవాళ్లనీ బయటికి తోసుకొచ్చినవాళ్లనీ ఒకే గుంపులో కలిపేశావేంటమ్మా? బయటివాళ్ల ఇరుకంతా లోపలివాళ్ల సగటులోకి వచ్చింది చూడు. విడదీసి మళ్లీ చెయ్యి’ అంది.

‘అలాగే మేడమ్’ అంటూ ఆ అమ్మాయి రెండు ట్రేలు తెచ్చింది. పక్కనున్న అబ్బాయి దవడ ఒక ట్రేలోకి, నేను ఇంకోదాన్లోకి వెళ్లాం. ఈసారి పాలపన్ను మీద చుక్క పెట్టలేదు.