బోర్డు పోయింది సార్!

ఊళ్లో ఏ కంప్యూటర్ రిపేరు షాపుకైనా వెళ్లండి. మోసుకెళ్లిన డబ్బా కౌంటరు మీద పెట్టీ పెట్టకముందే తీర్పు వచ్చేస్తుంది: "మదర్‌బోర్డు పోయింది సార్." స్విచ్ నొక్కి చూడటం దండగ, పక్క మూత విప్పడం శుద్ధ దండగ. ఆరెంపీ డాక్టరైనా ముందు నాలుక చాపమంటాడు. ఈ కుర్రాడికి ఆ చాదస్తం కూడా లేదు. డిస్‌ప్లే రావట్లేదన్నారా, బోర్డు పోయినట్టే. బీప్ బీప్ మంటోందన్నారా, బోర్డు పోయినట్టే. ఏ శబ్దమూ లేదన్నారా, ఇక చెప్పేదేముంది!

సరే, బోర్డు మార్చారు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది, ముందు లైటు వెలుగుతోంది, తెర మాత్రం అలాగే నల్లగా ఉంది. మామూలు మనిషికైతే ఇక్కడ ఒక అనుమానం రావాలి, అసలు జబ్బు బోర్డుది కాదేమోనని. మన నిపుణుడికి రాదు. కాసేపు తల గోక్కుని, "ప్రాసెసర్ కూడా పోయింది సార్" అంటాడు. మొదటి తీర్పు చెక్కుచెదరదు, దాని పక్కన రెండోది చేరుతుంది. కంప్యూటరు మొత్తంలో అరుదుగా చెడిపోయే భాగం ఏదైనా ఉంటే అది ప్రాసెసరే. పాపం, దానికా సంగతి తెలియదు కాబట్టి ఈ షాపుల్లో తరచూ పోతూ ఉంటుంది.

కొత్త బోర్డు బిగించాక తెర రాకపోతే చూడాల్సినవి ముందు ఖర్చులేనివి. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 24 పిన్నుల లావుపాటి వైరు కట్ట గుడ్డివాడికైనా చేతికి తగులుతుంది, దాన్ని పెడతారు. ప్రాసెసర్ దగ్గర, హీట్‌సింక్ చాటున ఓ మూల, నాలుగో ఎనిమిదో పిన్నుల చిన్న సాకెట్ ఇంకోటి ఉంటుంది. ప్రాసెసర్‌కి కరెంటు వెళ్లేది దాని ద్వారానే. దానికి వైరు పెట్టడం మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, ప్రాసెసర్ మాత్రం ఉలకదు పలకదు. చూసేవాడికి అది చచ్చిపోయినట్టే ఉంటుంది. క్లిప్పు 'టక్'మనేదాకా నొక్కితే లేచి కూర్చుంటుంది. కానీ 'టక్'కి బిల్లు ఎలా రాస్తారు?

బోర్డు కింద ఇత్తడి స్టడ్ల కథా ఇంతే. పాత బోర్డు పెద్దది, కొత్తది చిన్నది. పాతదానికి బిగించిన స్టడ్డు ఒకటి కొత్త బోర్డులో రంధ్రం లేని చోట మిగిలిపోయి, వెనకవైపు టంకం చుక్కలకి తగిలి షార్ట్ చేస్తుంది.

ఒక్కోసారి ఇచ్చిన బోర్డే ఆ ప్రాసెసర్‌కి పనికిరాదు. ఇంటెల్ 1151 సాకెట్ పైకి చూస్తే ఒకటే. అయితే 6, 7 తరాల కోసం చేసిన 100, 200 సిరీస్ బోర్డుల్లో 2017 చివర్లో వచ్చిన 8వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ నడవదు. సాకెట్లో చక్కగా కూర్చుంటుంది, అంతే. ఆ మాట కంపెనీవాడు ఇచ్చే జాబితాలో ఉంటుంది. జాబితా చదవడం కన్నా ప్రాసెసర్‌ని చంపేయడం సులువు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, మానిటర్ వైరు విడి కార్డుకే పెట్టాలి. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఖాళీగా కనిపించిందని అందులో దూర్చి, "మానిటర్ కూడా చూపించుకోండి సార్" అనే మహానుభావులున్నారు.

ఎలాగో తెర వచ్చిందనుకుందాం. ఇప్పుడు విండోస్ రాదు. దీనికి సర్వరోగ నివారిణి సిద్ధంగా ఉంది: "ఫార్మాట్ కొట్టాలి సార్." పాత బోర్డు లెగసీ పద్ధతిలో బూటయ్యేది, కొత్తది యూఈఎఫ్ఐ డిస్కుల్నే వెతుకుతోంది. చాలా బోర్డుల్లో బయోస్‌లో సీఎస్ఎం అనే ఒక్క వరుస మారిస్తే సరిపోతుంది. బిట్‌లాకర్ తాళం ఉన్న డిస్కయితే, బోర్డు మారిందని గ్రహించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామందికి అది వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దొరుకుతుంది. అడిగి చూసే ఓపిక ఎవరికుంది? ఫార్మాట్ కొడితే ఎవరి తప్పయినా మాయమవుతుంది, దాంతోపాటు మీ అమ్మాయి పెళ్లి ఫొటోలూను.

కుర్రాణ్ణి ఒక్కణ్ణే అనడం ధర్మం కాదు. గంటన్నర కూర్చుని, స్టడ్డు ఒకటి విప్పి, వైరు ఒకటి నొక్కి, ఐదొందలు ఇవ్వమంటే మనం ఊరుకుంటామా? "వైరు పెట్టడానికి ఐదొందలా?" అని వీధి వీధంతా వినిపించేలా అరుస్తాం. అదే కొత్త బోర్డు పెట్టె చేతికిచ్చి ఐదు వేలు అడిగితే, అందులోంచి రెండొందలు తగ్గించుకుని విజయగర్వంతో ఇంటికొస్తాం. జబ్బు కనిపెట్టినందుకు పైసా రాని చోట, వస్తువు అమ్మితే లాభం ఉన్న చోట, బోర్డులు పోకేం చేస్తాయి!

పని తెలిసిన పాతకాపులు లేకపోలేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల మల్టీమీటరు పట్టుకుని చిప్ లెవెల్ పని చేసేవాళ్లున్నారు. అలాంటివాడు బోర్డుని డబ్బాలోంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పరుస్తాడు. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒకే ఒక్క ర్యామ్. ఆ ర్యామ్ కాళ్లని ముందు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతాడు. స్క్రూడ్రైవర్ మొన పవర్ స్విచ్ పిన్నులు రెంటికీ తాకిస్తాడు. తెర వచ్చిందా, తప్పు డబ్బాలో ఉంది. రాలేదా, అప్పుడు మొదలవుతుంది అసలు వెతుకులాట. బోర్డు పోయిందన్న మాట అతని నోట ఆఖర్న వస్తుంది, వస్తే.

మీ షాపులో ఒక చిన్న కోరిక కోరి చూడండి: "పాత బోర్డు ఇచ్చెయ్ బాబూ." అప్పటిదాకా గలగలా మాట్లాడినవాడు ఓనరు వైపు చూస్తాడు. ఓనరు ఫోను వైపు చూస్తాడు. "అది స్క్రాప్ సార్, పడేశాం." పడేసినదాన్ని కవర్లో చుట్టి అద్దాల బీరువాలో ఎందుకు పెట్టారో మరి. దాని మీద చీటీ కూడా ఉంటుంది: 'సెకండ్ హ్యాండ్, టెస్టెడ్ ఓకే.' చూశారా, టెస్టు చేయడం వచ్చు.