పది సినిమాలు, పదకొండు గొడవలు

1980ల్లో వచ్చిన తెలుగు సినిమాల్లో మేటి పది ఏవి? పుత్తూరులో టీ కొట్టు ముందర కుర్రకారు లెక్క తేల్చడానికి కూర్చున్నారు. ‘శివ’ వచ్చిన 1989 నాటికి పుట్టినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. అయినా తీర్పులకు కొదవలేదు.

‘శంకరాభరణం’ పేరెత్తగానే ‘దాంట్లో ఫైట్లు యాడుండాయి?’ అని ఒకడు కొట్టేశాడు. ఇంకొకడు ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ని రెండో స్థానంలో రాశాడు. ‘అది వచ్చింది 1990 మేలో గదన్నా’ అంటే, ‘షూటింగ్ ఎనభైల్లోనే మొదలుపెట్టినారు గదప్పా!’ అని దబాయింపు.

‘ఖైదీ’ ముందా, ‘సాగరసంగమం’ ముందా అన్నచోట చొక్కాలు పట్టుకున్నారు. రెండూ 1983లోనే, నెలల తేడాతో వచ్చాయి. అప్పటి జనం రెండింటికీ టికెట్లు కొని, రెండింటినీ ఆడించి, ఎవరి పనికి వాళ్లు పోయారు. వీళ్లకు మాత్రం ఒకటి గెలవాలంటే రెండోది చావాలి. ఎముకలు విరిగినా దిగుల్లేదు లెండి, పుత్తూరు కట్టు పక్కనే ఉంది.

చివరికి పదో స్థానం ఒక్కటే ఏకగ్రీవంగా తేలింది. అక్కడున్నవాళ్లు ఎవరూ చూడని సినిమాకి!