మెట్టుగూడ టిప్పు సుల్తాన్

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వెనక సందుల్లోనూ, తార్నాక హాస్టళ్లలోనూ, ఉస్మానియా క్యాంపస్ చెట్ల నీడనా లాప్‌టాప్ తెరుచుకుని కూర్చునే ఏ కుర్రాణ్ణి అడిగినా ఈయన తెలుసంటాడు. ఒక్కోచోట ఒక్కో పేరు ఉండొచ్చు గానీ మనిషి మాత్రం ఒకడే. వయసు నలభైకి ఇవతల, ఉద్యోగం హైటెక్ సిటీకి అవతల. 2019 నవంబరులో మెట్రో బ్లూ లైను రాయదుర్గం దాకా వెళ్లడంతో ఈయన కార్యక్షేత్రం రైలుపెట్టెలోకీ పాకింది. మెట్టుగూడలో ఎక్కితే ఎక్కడా మారే పని లేదు, చూపు పక్క సీటు మీద పారేసుకోవడానికి కావలసినంత తీరిక. ఎవరైనా ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఎక్లిప్స్ అనే ఎడిటర్‌లో జావా కోడ్ రాస్తుంటే చాలు, ముందొక నిట్టూర్పు, తర్వాత ఒక పొడిదగ్గు, ఆపైన ఉపదేశం: “తమ్మీ, టచ్‌ప్యాడ్ మీదికెళ్లి వేలు తియ్యి. కంట్రోల్, షిఫ్ట్, ఓ... మూడూ కలిపి కొట్టు.” తమ్ముడు కొడతాడు. లేని ఇంపోర్టులు వచ్చి చేరతాయి, అక్కర్లేనివి పోతాయి, వరసగా ఉన్న ఎర్రగీతలు మాయమవుతాయి. “అన్నా, ఇన్నాళ్లూ ఒక్కోటి చేత్తో రాస్తున్నా” అంటాడు తమ్ముడు. ఆ ఒక్క మాట కోసమే అన్న ఆ పొద్దున ఇంట్లోంచి బయల్దేరాడు.

ఈయనను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. మౌస్ వాడకం ఆయన దృష్టిలో అంటు. స్క్రీన్ నల్లగా లేకపోతే ఎదుటివాడి కళ్ల ఆరోగ్యం గురించి బెంగపడతాడు. టకటకా మోగే మెకానికల్ కీబోర్డు కొనుక్కుంటాడు, ఆ మోత పక్కింటివాళ్లకు తెలుసు. కంట్రోల్ ఎస్ కొట్టందే మాట ముగియదు. ఫైలు దానంతటదే సేవ్ అవుతుందని చెప్పినా, ఉద్యోగం మొదట్లో పోయిన కోడ్ జ్ఞాపకం ఆ వేలిని వదలదు. ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ కబురుకీ మెయింటెనెన్స్ బాకీల జాబితాకీ మధ్య ‘ప్రతి డెవలపర్‌కూ తెలియాల్సిన షార్ట్‌కట్లు’ అన్న పీడీఎఫ్ ఆయన పుణ్యమే. ఆ గ్రూపులో డెవలపర్ తానొక్కడే అన్నది ఆయనకు అడ్డం కాదు. అమీర్‌పేటలో కోచింగ్ అయ్యాక స్పైరల్ బైండింగ్ మెటీరియల్‌తో పాటు కొన్న జిరాక్స్ షీటు ఇప్పటికీ బీరువా తలుపు లోపలివైపు అతికించి ఉంటుంది. ఇంతటి మనిషి చేతికి మాక్ ఇచ్చి చూడండి. కంట్రోల్ ఉండాల్సినచోట కమాండ్ ఉందని తెలియగానే రాజ్యం పోయిన రాజులా అయిపోతాడు.

ఈయన టిప్పుల వల్ల టైము ఆదా అవుతుందన్నది లోకంలో చలామణీలో ఉన్న మాట. మొదట ఆ మాటనే పరీక్షకు పెట్టాలి. ఆపిల్ కంపెనీలో పనిచేసిన బ్రూస్ టోగ్నజ్జిని 1989లోనే దీని గురించి రాశాడు. పరీక్షకు కూర్చున్నవాళ్లు కీబోర్డే వేగమని ప్రమాణం చేస్తారు, స్టాప్‌వాచ్ మాత్రం మౌస్ వైపు సాక్ష్యం చెబుతుంది. ఏ మీటలు నొక్కాలో గుర్తు తెచ్చుకునే క్షణాలు నొక్కినవాడి లెక్కలోకి రావని ఆయన వివరణ. అది ఆనాటి మాకింతోష్ సంగతనీ, అలవాటుపడ్డ వేళ్లకు వర్తించదనీ వాదించినవాళ్లున్నారు. సరే, వాళ్లదే గెలుపనుకుందాం. నొక్కు ఒక్కింటికి 2 సెకన్లు మిగిలినా, రోజుకు 100 నొక్కులకు 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ టిప్పు పుట్టుపూర్వోత్తరాలు వివరించడానికి మన సుల్తాన్‌కు అరగంట చాలదు. పాతకాలంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి లోయర్, హయ్యర్ పాసైన గుమాస్తాకు వేళ్ల వేగమే జీతం, ఎందుకంటే ఎదుట ఉన్న కాయితాన్ని ఉన్నదున్నట్టు కొట్టడమే అతని పని. ప్రోగ్రామర్ ఎదుట అలాంటి కాయితమేదీ ఉండదు. రోజులో ఎక్కువ భాగం ఇంకెవరో రాసిందో, తాను పోయిన నెల రాసిందో చదువుకుంటూ, అది ఎందుకు పనిచేయడం లేదో ఆలోచిస్తూ గడుస్తుంది. అక్కడ ఆలస్యం వేళ్లలో లేదు.

దీనికి ఆయన పక్షాన ఒక గట్టి జవాబుంది. సెకన్ల సంగతి కాదు, చెయ్యి మౌస్ కోసం వెతుక్కుంటే ఆలోచన తెగుతుందంటారు. నిజమే. ఒక పేరు 40 చోట్ల మార్చాల్సివచ్చినప్పుడు వెతుక్కుంటూ మార్చేవాడు ఏదో ఒకచోట మరిచిపోతాడు. ఎక్లిప్స్‌లో ఆల్ట్ షిఫ్ట్ ఆర్, విజువల్ స్టూడియో కోడ్‌లో ఎఫ్2 కొట్టి రీనేమ్ చేస్తే, ఆ పేరు వాడినచోట్లన్నీ ఆ ఉపకరణమే చూసుకుని మారుస్తుంది. ఇది తప్పును తప్పించే టిప్పు, మామూలు విషయం కాదు. ఇంకో సాక్ష్యం కూడా ఆయనకే అనుకూలం. ప్రోగ్రామర్లు కొత్త ఉపకరణాలను ఎలా తెలుసుకుంటారో ఎమర్సన్ మర్ఫీ-హిల్, గెయిల్ మర్ఫీ పరిశీలించి 2011లో ప్రకటించిన పత్రం చెప్పేదిదే: పక్కనున్నవాడు పనిచేస్తుండగా చూసి నేర్చుకోవడం బాగా పనిచేస్తుంది, కానీ అది జరిగేది అరుదు. మనకు తెలియందేమీ కాదు. ఇంటెలిజే అనే మరో ఎడిటర్ తెరవగానే ‘టిప్ ఆఫ్ ద డే’ అని ఒక కిటికీ వస్తుంది. దాన్ని చదివినవాడికన్నా మళ్లీ చూపించొద్దని గడిలో టిక్కు పెట్టినవాడే ఎక్కువ కనిపిస్తాడు. మౌస్ వాడినప్పుడల్లా ‘ఇదిగో దీని షార్ట్‌కట్’ అని మూలనుంచి గుర్తుచేసే కీ ప్రమోటర్ ఎక్స్ అనే ప్లగిన్ కూడా ఉంది. దాన్నీ విసుక్కుంటాం. అదే మాట వెనకనుంచి ఒక మనిషి చెబితే చెవినపెడతాం. కనుక టిప్పు సుల్తాన్ సమాజానికి అవసరమే. ఆయన చెప్పడం నేరం కాదు, ఏది చెప్పాలో ఎంచుకునే దగ్గరే గొడవంతా.

ఆయన ఎంచుకునేది రెండు సెకన్లలో చూపించి చప్పట్లు కొట్టించుకోగలిగినదాన్ని. అలాంటివాటికి ఆయుష్షు తక్కువ. ఒక్క కంట్రోల్ డి చరిత్ర చూడండి. ఎక్లిప్స్‌లో అది వరసను చెరిపేస్తుంది. ఇంటెలిజేలో అదే వరసకు నకలు తీస్తుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో అదే మాట తర్వాత ఎక్కడుందో పట్టుకుంటుంది. మొదటిది ఐబీఎం 2001లో లోకానికి వదిలింది, రెండోది అదే ఏడాది జెట్‌బ్రెయిన్స్ నుంచి వచ్చింది, మూడోది 2015లో మైక్రోసాఫ్ట్‌ది. ఎవరి ఇంటి ఆచారం వారిది. ఆయన చూసుకోకుండా ‘కంట్రోల్ డి కొట్టు తమ్మీ’ అంటే తమ్ముడి వరస పోవచ్చు, రెండు కావచ్చు. అలా ఊరేగే ఈ మహానుభావుడు సొంత కోడ్‌లో తప్పు దొరకనప్పుడు ఏం చేస్తాడో దగ్గర్నుంచి చూడాలి. ‘ఇక్కడికొచ్చింది’ అని ప్రింటు చేసే వరస ఒకటి రాస్తాడు. దాని కింద ‘ఇక్కడికొచ్చింది 2’. ఇంకా కిందికి ‘ఇక్కడికి కూడా’. నడిపి చూసి, తీరిగ్గా అన్నీ తుడిచి, ఒకటి మరిచిపోతాడు. ఆ మరిచిన ‘ఇక్కడికి కూడా’ కస్టమర్ లాగ్ ఫైల్లో కాపురం పెడుతుంది. సిస్‌అవుట్ అని కొట్టి కంట్రోల్ స్పేస్ నొక్కితే ఆ ప్రింటు వరస దానంతటదే వస్తుందన్న టిప్పు మాత్రం ఆయనకు కంఠతా వచ్చు.

అదే స్క్రీన్‌లో ఈ ప్రింటు వరసల బాధకు మందుంది, పేరు డీబగ్గర్. విజువల్ స్టూడియో కోడ్‌లో అనుమానం ఉన్న వరస మీద ఎఫ్9 కొడితే పక్కన ఎర్రచుక్క, అదే బ్రేక్‌పాయింట్, పడుతుంది. ఎఫ్5తో నడిపితే ప్రోగ్రాం సరిగ్గా అక్కడ ఆగి, ఏ వేరియబుల్‌లో ఏ విలువుందో ఎడమవైపు పరిచి చూపిస్తుంది. ఎఫ్10 కొట్టినకొద్దీ ఒక్కో వరస కదులుతుంది, లోపలి ఫంక్షన్‌లోకి దిగాలంటే ఎఫ్11. వెయ్యిసార్లు తిరిగే లూపు 497వ చుట్టులోనే తప్పు చేస్తుంటే, ఆ చుట్టులోనే ఆగమని ఎర్రచుక్కకు షరతు పెట్టొచ్చు. ఇది మనవాళ్లకు కొత్తేమీ కాదు. తెలుగునాట ఇంజినీరింగ్ ల్యాబుల్లో తరాల తరబడి కూర్చున్న నీలిరంగు టర్బో సి ప్లస్ ప్లస్‌లో ఎఫ్7, ఎఫ్8, కంట్రోల్ ఎఫ్8 మీటలు ఈ పనికే ఉన్నాయి. కొత్త విండోస్‌లో నడవనంటే డాస్‌బాక్స్ తెచ్చి మరీ దాన్ని బతికించుకున్నాం. పరీక్షలో ఔట్‌పుట్ చూపిస్తే మార్కులు పడేవి కాబట్టి కంట్రోల్ ఎఫ్9, ఆల్ట్ ఎఫ్5 మాత్రమే నేర్చుకున్నాం. తమాషా ఏమిటంటే, ఇంటెలిజేలో లోపలికి దిగడానికి ఎఫ్7, దాటడానికి ఎఫ్8, ఎర్రచుక్కకు కంట్రోల్ ఎఫ్8. ఆనాడు ఆ మూడూ నేర్చినవాడికి ఈనాటికీ ఆ చదువు చెల్లుబాటవుతోంది. డీబగ్గర్ సంగతి టిప్పుగా ఎందుకు ప్రచారం కాలేదంటే, దాన్ని చూపించడానికి అరగంట పక్కన కూర్చోవాలి, ఎదుటివాడి తప్పుతో పాటు తన తికమకా బయటపడుతుంది. పెద్దరికానికి అది ప్రమాదం.

కోడ్ తనే రాసిపెట్టే కోపైలట్ లాంటివి వచ్చాక ఈ గోలంతా దేనికని అడగొచ్చు. 2021లో ప్రయోగంగా, 2022లో అందరికీ అందుబాటులోకి వచ్చినప్పటినుంచీ, చాలామంది నొక్కే మీట ట్యాబ్ ఒక్కటే. సుల్తాన్ అప్పుడే ప్రాంప్టుల పీడీఎఫ్ కూడా పంపడం మొదలుపెట్టాడు. కానీ యంత్రం రాసిన కోడ్ మనం రాసింది కాదు, చదివి అర్థం చేసుకోవాల్సిన పరాయి కోడ్. అది చూడ్డానికి ముచ్చటగా ఉండి లోపల తప్పుతుంటే, ఎక్కడ తప్పిందో ఆగి చూడ్డం తెలిసినవాడే గట్టెక్కుతాడు. టైపింగ్ వేగానికి కాలం చెల్లుతోంది గానీ ఎర్రచుక్కకు చెల్లలేదు. ఇంతదాకా చదివినవాళ్లకు ఈ వ్యాసంలోనే అరడజను టిప్పులు దొర్లాయని అనుమానం వచ్చే ఉంటుంది. ఈ జబ్బు గురించి రాయడానికి కూర్చున్నా అది అంటుకుంటుంది, ఒప్పుకుంటున్నాను.

చివరగా, ఆయన ఎన్నడూ చెప్పని టిప్పు ఒకటుంది. ఎక్లిప్స్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఎల్ కొడితే షార్ట్‌కట్లన్నీ జాబితాగా వస్తాయి. విజువల్ స్టూడియో కోడ్‌లో కంట్రోల్ షిఫ్ట్ పి, ఇంటెలిజేలో కంట్రోల్ షిఫ్ట్ ఎ కొట్టి కావలసిన పని పేరు రాస్తే ఆ పనీ దాని మీటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ ఒక్కటి తెలిసినవాడు మిగతావి బట్టీ పట్టక్కర్లేదు, అన్న కోసం ఎదురుచూడక్కర్లేదు. బహుశా అందుకే ఆయన చెప్పలేదు. అయినా తమ్ముళ్లకు ఒక మనవి. ఆయన దగ్గు వినగానే లాప్‌టాప్ మూసేయకండి. పక్కకు జరిగి చోటివ్వండి. ఇచ్చి, “అన్నా, షార్ట్‌కట్లు నేను చూసుకుంటా. ఈ తప్పు దొరకట్లేదు, బ్రేక్‌పాయింట్ పెట్టి చూపియ్యవా?” అని అడగండి. వస్తే మీకొక గురువు దొరికినట్టు. రాకపోతే ఇద్దరూ కలిసి నేర్చుకోండి, ఆయనకూ ఆ అవసరం ఉంది.